బాబాయిగారి మేత భాష

కొల్లేరు పక్కన చేపల చెరువులున్న మా బాబాయిగారు లోకాన్నంతా మేతతోనే కొలిచేవారు. ఓ పెళ్లిలో నేను రెండో లడ్డు వద్దంటే, మేత మానిన చేపకి జబ్బు చేసినట్టేనని, చెరువంతా మందు చల్లించేంత కంగారుపడ్డారు.

ఆయన చిన్న మనవరాలికి క్యాన్సరు. వైద్యం పనిచేసిందో లేదో చూడ్డానికి పెట్-సీటీ స్కాను తీశారు.

"చక్కెరలాంటి మందు ఎక్కిస్తామండి. గడ్డ బతికుంటే దాన్ని తిని మెరుస్తుంది. ఎక్కడ మెరిసిందో సీటీలో తెలుస్తుంది," అన్నారు డాక్టరమ్మగారు.

"మేం చెరువులో తవుడు సంచి కట్టి, చేపలు తిన్నాయో లేదో చూస్తామండి. అదే కదండీ," అన్నారు బాబాయిగారు.

సాయంత్రం డాక్టరమ్మగారు బొమ్మ చూపించి, "గడ్డ ఉన్నచోట మెరుపే లేదండి," అన్నారు.

చెరువులో మేత మిగిలితే భీమడోలు దాకా వినపడేలా గోలపెట్టే మనిషి, "ముట్టనే లేదటండీ," అంటూ లిఫ్టు నడిపే అతని చేతులు పట్టుకుని వదల్లేదు.