సబ్‌మెరైన్‌లో అగ్గిపుల్ల

మాదాపూర్‌లో మేం అద్దెకుండే ఇంటి ఓనరు ఎల్లేశంగారు తలుపేసుకుని పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. చలికాలమైనా సరే, తలుపు బార్లా తీసి గడప పక్కనే పక్కేసుకుంటారు. లిఫ్టు ఎక్కరు. బస్సులో జనం కిక్కిరిస్తే మధ్యలోనే దిగిపోతారు. ఒకప్పుడు ఆయన బావులు తవ్వే మనిషంటే ఎవరు నమ్ముతారు?

కారణం ఆయన భార్య సక్కుబాయమ్మ చెప్పింది. తొంభై ఏడులో, ఊరి పక్కన సైబర్ టవర్స్ లేస్తున్న రోజుల్లో, అన్నదమ్ములిద్దరూ ఒక పాత బావిలో పూడిక తీయడానికి వెళ్ళారు. లోపల చెడు గాలి ఉందేమో తెలియడానికి ముందు వెలుగుతున్న కందీలును, అదే లాంతరును, తాడుతో దింపడం వాళ్ళ పద్ధతి. అది మలిగితే, అంటే ఆరిపోతే, ఎవరూ దిగకూడదు. ఆ రోజు తమ్ముడు తిరుపతి తొందరపడి, కందీలు లేకుండానే దిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. అప్పుడు ఎల్లేశంగారు కందీలు దింపితే సగంలోనే మలిగింది. ఆయన దిగలేదు. దిగుంటే రెండో శవం లేచేదని ఊరంతా చెప్పింది. ఆ మాట ఆయనకు మాత్రం తలకెక్కలేదు.

ఇదంతా తెలిసి కూడా రెండువేల రెండులో ఇద్దరినీ మా విశాఖకు తీసుకెళ్ళాను చూడండి, బుద్ధి లేకపోవడమంటే అదే. రిటైరైన నేవీ సబ్‌మెరైన్‌ను బీచ్ ఒడ్డున నిలిపి అప్పుడే జనానికి తెరిచారు. సక్కుబాయమ్మ చూస్తానని ముచ్చటపడింది. ఆయన ఆ నల్లటి ఇనుప గొట్టాన్ని చూసి మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"మూసిన జాగల నాకు ఊపిరాడదు నాగేశ్వరమ్మా. మీరు పోయి రాండ్రి."

నాకు నోరెక్కువ. చంటిపిల్లలు కూడా వెళ్తున్నారండీ అని ఒక దెప్పు దెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. ఎటు చూసినా పైపులు, మీటర్లు, నెత్తికి తగిలే చక్రాలు. మూడో గదిలో సక్కుబాయమ్మ కళ్ళు తిరుగుతున్నాయంటూ కూలబడింది. శనివారం ఉపవాసమట, మహాతల్లి నాతో చెప్తేనా! నీళ్ళు, నీళ్ళు అని అరిచాను. ఎవరో ముసలావిడ పడిపోయిందన్న మాట జనం నోళ్ళలో పడి బయటిదాకా పోయింది.

కాసేపటికి వెనక గోల. ద్వారం అవతల ఎల్లేశంగారు! చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చేతిలో వెలుగుతున్న అగ్గిపుల్ల. దాన్ని నేల దాకా వంచి, కళ్ళార్పకుండా చూస్తున్నారు.

గైడు పరుగెత్తుకొచ్చి పుల్ల ఊదేసి, చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. నేను అడ్డంపడి దండం పెట్టి, బావి సంగతి చెప్పాను. అతను అగ్గిపెట్టె తీసుకుని, ఆయన్ని లోపలికి పోనిచ్చాడు.

సక్కుబాయమ్మ అప్పటికి నీళ్ళు తాగి తేరుకుంది. ఆయన పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"నీకు భయమాయె, ఎందుకొచ్చినవ్?" అని కసిరిందామె.

"పుల్ల మంచిగనే వెలిగింది. గాలి ఉన్నది."

"మలిగుంటే?"



"మలిగినా వచ్చేటోన్నే. ఈసారి పైన నిలబడేటోన్ని కాదు."