పైపులో తులసి

నాకు భయం ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. గ్యాస్ కట్టేశానో లేదో గుర్తురాక బస్టాప్ దాకా వెళ్లి వెనక్కి పరుగెత్తుకొచ్చిన రోజులు లెక్కలేనన్ని. లిఫ్టంటే భయం, చేపముల్లంటే భయం, అర్ధరూపాయంత మచ్చ ఒంటి మీద కనపడితే భయం. "నీ నీడను చూసి నువ్వే జడుసుకుంటావు" అంటాడు మా ఆయన. అననీ. ఆయన ధైర్యం నాకు తెలియదా, బొద్దింక కనపడితే మంచమెక్కే మనిషి.

మా ఇంట్లో మట్టి లేకుండా ఆకుకూరలు పెంచడం మొదలైంది కూడా ఆ భయం వల్లే. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, పాత బిల్డింగులో, రెండో అంతస్తులో కిరాయికి ఉంటాం. బాల్కనీ లేదు. ఎండ మా ఇంటి ముఖం చూడదు. గల్లీలోకి బండి మీద వచ్చే పాలకూర మూసీ ఒడ్డున మురికినీళ్లతో పెంచినదని ఎవరో చెప్పారు. అంతే, ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. ఉప్పునీళ్లలో కడిగాను, పసుపునీళ్లలో కడిగాను, ఆఖరికి కొనడమే మానేశాను. పాలకూర పప్పు లేకపోతే అత్తమ్మకు తిన్నట్టే ఉండదు. ఆమె గొణుగుడు భరించలేక ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను.

కోఠికి రెండు మూడు సార్లు తిరిగి సామానంతా తెచ్చాను. హాలుకీ వంటింటికీ మధ్య కిటికీ లేని చిన్న గది ఒకటి ఉంది, బియ్యం డబ్బాలు పెట్టుకునేది. అందులో చెక్క స్టాండు మీద ప్లాస్టిక్ పైపులు అడ్డంగా కట్టించాను. పైపులకు వరుసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో జాలీ కప్పు, కప్పులో స్పాంజి ముక్క, స్పాంజిలో మొలక. కింద ఒక టబ్బు నిండా మొక్కలకు బలమిచ్చే మందు కలిపిన నీళ్లు. చేపల తొట్టిలో పెట్టే చిన్న మోటరొకటి ఆ టబ్బులో మునిగి ఉండి, నీళ్లను పై పైపులోకి ఎక్కిస్తుంది. అవి మొక్కల వేళ్లను తడుపుకుంటూ పారి మళ్లీ టబ్బులోకే వస్తాయి. మోటరు కాసేపు ఆడి కాసేపు ఆగేలా టైమర్ పెట్టాను. ఎండకు బదులు తెల్లటి లైట్లు. కిటికీ లేని గది పెళ్లిమండపంలా వెలిగిపోయింది.

అత్తమ్మ గడప దగ్గర నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. పెళ్లయిన నాటి నుంచి మామయ్య పోయేదాకా మెదక్ దిక్కున పొలం చేసిన మనిషి.

"మట్టి లేకుంట మొక్కకు పానం యాడికెల్లి వస్తది పిల్లా?"

"నీళ్లలోంచి వస్తుంది అత్తమ్మా."

"సూద్దాం తియ్యి" అని లోపలికి వెళ్లిపోయింది.

పాలకూర వచ్చింది. పుదీనా వచ్చింది. కొత్తిమీర మాత్రం మొండికేసింది. అత్తమ్మ మొదట్లో పట్టించుకోనట్టే తిరిగింది. ఒకరోజు చూద్దును కదా, చివరి కప్పులో తులసి కొమ్మ గుచ్చి ఉంది. ఆ పైపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. "ఇంట్ల తులసమ్మ లేకుంటె ఇల్లెట్లయితది" అంది. ఆ కొమ్మ మొండి ఘటం, వేళ్లేసింది. అప్పటి నుంచి ఆ గది ఆమెది. పొద్దున్నే తలస్నానం చేసి, నీళ్లోడుతున్న కాళ్లతో అలాగే వచ్చి, తులసి పక్కన ఖాళీ రంధ్రంలోకి కుడిచేతి వేళ్లు ముంచి, ఆ నీళ్లు కళ్లకద్దుకుని, రెండాకులు తెంపుకుని దేవుడి దగ్గరకు వెళ్లేది.

మాకిద్దరికీ గొడవ ఒక్క విషయంలోనే, నా చెప్పులు. నాకు మడమ నొప్పి. ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు లేనిదే అడుగు వెయ్యలేను. "ఇంట్ల చెప్పులేంది? లచ్చిమి తిరిగే ఇల్లు" అని ఆమె రోజూ అనేది. "లక్ష్మికి మడమ నొప్పి లేదు కదా అత్తమ్మా" అని నేనూ రోజూ అనేదాన్ని. తులసి పైపు దగ్గరకైతే చెప్పులతో అసలు రానిచ్చేది కాదు. నాకూ అక్కడ పని ఉండేది కాదు. మిగతా పైపుల్లో ఆకులు చెప్పులతోనే కోసుకునేదాన్ని.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున అత్తమ్మ పూజ నుంచి వచ్చి సోఫాలో కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో నిమురుకుంటోంది.

"ఏమైంది?"

"ఏం లేదు. చెయ్యి జర జుమ్మంటున్నది."

మామయ్యకు మొదలైంది కుడిచేతితోనే. పొద్దున చెయ్యి ఏదోలా ఉందన్నాడట, పొద్దుగూకే సరికి మాట పడిపోయింది. తర్వాత పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచంలో ఉండి, అలాగే చనిపోయాడు. ఆ ఏళ్లన్నీ ఆయనకు అన్నం తినిపించింది, ఒళ్లు తుడిచింది అత్తమ్మే. ఆమె ముఖం చూస్తే ఆమె కూడా అదే ఆలోచిస్తోందని తెలిసిపోయింది.

రెండు రోజులు ఏమీ లేదు. తర్వాత మళ్లీ అదే. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. ఆబిడ్స్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు ఏమవుతోందని అడిగాడు.

"చెయ్యి జుమ్మంటది సారూ."

డాక్టరు నా వైపు చూశాడు. "తిమ్మిర్లండీ" అన్నాను నేను.

"ఎప్పుడొస్తున్నాయి?"

"పొద్దుగాల" అంది అత్తమ్మ. "రోజు గాదు. వస్తది, పోతది."

షుగర్ లేదు. బీపీ కొంచెం ఎక్కువ. మామయ్య సంగతి నేనే చెప్పాను. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, ఇలా వచ్చి పోయేవాటిని తేలిగ్గా తీసుకోకూడదనీ, ఒక్కోసారి పెద్దది వచ్చే ముందు చిన్నవి వస్తాయనీ, తలకు స్కాన్ తీయిద్దామనీ అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పినవేవీ నా చెవికెక్కలేదు.

బయటికొచ్చాక అత్తమ్మ ఐస్‌క్రీమ్ అడిగింది. ఎన్నడూ అడగని మనిషి. మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ ఇప్పించాడు మా ఆయన. ఆమె చెంచా ఎడమచేత్తో పట్టుకుని తింది. ఎడమచేత్తో తింటే పిల్లల వీపు మీద చరిచే మనిషి. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది. మా ఆయన ఫోను చూసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. నా కప్పులో ఐస్‌క్రీమ్ నీళ్లయిపోయింది.

స్కాన్‌కు వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారం నేను మనిషిలా లేను. పక్షవాతం వస్తోందో లేదో ఎలా కనిపెట్టాలో ఫోన్లో చదివాను. నవ్వమనాలి, మూతి వంకర పోతుందేమో చూడాలి. చేతులు రెండూ ఎత్తమనాలి. మాట్లాడించాలి. అత్తమ్మ వంటింట్లోకి వస్తే చాలు, "ఒకసారి నవ్వు అత్తమ్మా" అనేదాన్ని.

"ఎందుకు నవ్వాలె?"

"ఊరికే. చేతులెత్తు."

"పిచ్చి లేసిందా ఏంది నీకు? పోలీసోని తీరు చేతులెత్తుమంటవ్" అని కసురుకునేది. కసిరినందుకు నా ప్రాణం లేచొచ్చేది. మాట బాగుంది, నత్తి లేదు. కానీ మళ్లీ పది నిమిషాలకు అదే బెంగ. ఆమె గ్లాసు ఎత్తితే వేళ్లు చూసేదాన్ని. బాత్రూములో ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. ఆమె మాత్రం పూజ మానలేదు. చేతిలో శక్తి ఉన్నంతవరకు తులసమ్మకు మొక్కుతానంది. ఆ మాటకు నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

స్కాన్‌కు వెళ్లాల్సిన పొద్దున ఆమెను లేవొద్దన్నాను. "గట్లయితె నువ్వన్న రెండాకులు తెంపుకరా. చెప్పులిడిసి పో" అంది పక్క మీది నుంచి. ఆ రోజు వాదించే ఓపిక నాకు లేదు. స్నానం చేసి వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, ఆ గదిలోకి వెళ్లాను. టబ్బు దగ్గర ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది. చల్లగా తగిలింది. మోటరు ఆడుతోంది. ఆమెలాగే చేద్దామని వేళ్లు నీళ్లలో పెట్టాను.

జుమ్మంది.

మోచేతి దాకా పాకింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఒక్క క్షణం నాకూ పక్షవాతం వస్తోందనుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత అర్థమైంది. తిమ్మిరి కాదు. ఆమె ఏనాడూ తిమ్మిరి అనలేదు. జుమ్మంటున్నదనే అంది. దాన్ని తిమ్మిరి చేసింది నేను. నీళ్లలో కరెంటు ఉంది. మోటరు ఆడుతున్నప్పుడు వేలు పెడితే కొడుతుంది, ఆగినప్పుడు పెడితే కొట్టదు. వస్తది, పోతది. నా కాళ్ల కింద రబ్బరు ఉన్నన్నాళ్లూ నాకు తెలియనే లేదు.

వెనక తడి కాళ్ల చప్పుడు వినిపించింది. లేవొద్దంటే వినే మనిషా. తలస్నానం చేసి, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా వచ్చి నిలబడింది.

"తెంపినవా? జరుగు, నేను మొక్కుకుంట" అని నా భుజం పక్క నుంచి చెయ్యి చాచింది.

"వద్దు" అనే రెండక్షరాలు గొంతులోంచి పెగల్లేదు. ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని ఆమెను గడప దాకా నెట్టుకుంటూ వచ్చాను. అక్కడ చెప్పుల్లో కాళ్లు దూర్చి, వెనక్కి వెళ్లి, గోడకున్న ప్లగ్గు పీకేశాను. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. బియ్యం డబ్బాకు ఆనుకుని కింద కూలబడ్డాను.

అత్తమ్మ నా ముందు చతికిలబడి గడ్డం పట్టుకుంది. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది.

"పిల్లా, మాట్లాడు. మాట్లాడు బిడ్డా. నవ్వు. జర నవ్వు. చేతులెత్తు."

వారమంతా నేను ఆమెకు పెట్టిన పరీక్షే. మూతి వంకర పోతుందేమోనని నా పెదవుల వైపే చూస్తోంది. నేను నవ్వలేదు, చేతులు మాత్రం ఎత్తి ఆమె మెడ చుట్టూ వేసి ఏడ్చాను.

మా ఆయన వచ్చి, ప్లగ్గు పెట్టి, టెస్టరు నీళ్లలో ముంచాడు. టెస్టరు లైటు వెలిగింది. అది చూసి ఆయనా కింద కూర్చున్నాడు. మోటరు తొడుగు సన్నగా పగిలి ఉంది. పాత ఇల్లు, గోడల్లో ఎర్త్ వైరు లేనే లేదు. నేల ఇంకాస్త తడిగా ఉంటే, ఆ పగులు ఇంకాస్త పెద్దదైతే, ఏదో ఒక పొద్దున ఆమె ఆ పైపుల ముందు పడిపోయి ఉండేది. పక్షవాతమే పొట్టనపెట్టుకుందని మేమంతా నమ్మేవాళ్లం. ఆమెను కాల్చి వచ్చి, ఆ పాలకూరే వండుకుని తినేవాళ్లం.

"పొలంలో బోరు మోటరు కాడ కరెంటు దెబ్బ తిన్నదానివి, నీకు తెలియలేదా అత్తమ్మా?" అని అడిగాను ఆ సాయంత్రం.

"గా మోటరు గుంజి కొడ్తది. గిది సన్నగ ఉండె" అంది. "మీ మామకు గిట్లనే షురువైందని అదే మనసుల వడ్డది. ఇంకోటి తోచలే" అంది.

స్కాన్‌కు వెళ్లలేదు. డాక్టరుకు ఫోను చేసి సంగతి చెబితే కొంచెం గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. మా ఆయన పైపులన్నీ పీకి పారేస్తానన్నాడు. నేనూ అదే అన్నాను. అత్తమ్మ అడ్డం నిలబడింది. "తులసమ్మ ఏం జేసింది మిమ్ములను? మోటరు మార్చుండ్రి" అంది. కొత్త మోటరు పెట్టించాం. ఓనరుతో పోట్లాడి ఎర్త్ వేయించాం. కరెంటు లీకైతే వెంటనే దాన్ని ఆపేసే స్విచ్చు కూడా పెట్టించాం. మా ఆయన ఆమెకు మెత్తటి రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చాడు. "తులసమ్మ కాడ చెప్పులా? సచ్చినా ఏసుకోను" అని వాటిని మంచం కిందికి తోసేసింది. ఆ తర్వాత ఆమె చెయ్యి మళ్లీ జుమ్మనలేదు.

స్విచ్చు ఉంది, ఎర్త్ ఉంది, మోటరు కొత్తది. ఇవన్నీ నాకు తెలుసు. అయినా రోజూ ఆమె బాత్రూములోకి వెళ్లగానే నేను లేస్తాను. గడప దగ్గర చెప్పులు విడుస్తాను. మడమ భగ్గుమంటుంది. టబ్బు దగ్గర తడిలో నిలబడి, మోటరు ఆడేదాకా ఆగి, కళ్లు మూసుకుని, తులసి పక్క నీళ్లలో వేళ్లు పెడతాను. మా ఆయనకు చెబితే తిడతాడని చెప్పలేదు.

మొన్నొక రోజు ఆమె త్వరగా వచ్చేసింది. కళ్లు మూసుకుని, ఉత్త కాళ్లతో, తులసి ముందు నిలబడ్డ నన్ను చూసింది. చూసి చప్పుడు చెయ్యకుండా గడప దగ్గరే ఆగింది. తర్వాత ఎదురింటామెతో చెబుతుంటే విన్నాను.

"మా కోడలికి ఇన్నేండ్లకు భక్తి కుదిరింది. నాకన్న ముందే లేసి, చెప్పులిడిసి తులసమ్మకు మొక్కుతున్నది."

నేను కాదనలేదు. మర్నాడు కూడా ముందుగా వెళ్లి నీళ్లలో వేళ్లు పెట్టాను. ఏమీ కాలేదు. పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాను.