మనాలి నుంచి వచ్చిన పసుపు లైటు

ఆ రోజుల్లో నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేవాణ్ని. పొద్దున ఏడింటికే మొదటి బ్యాచ్. కుర్చీలు చాలక పిల్లలు గుమ్మంలో నిలబడి నోట్సు రాసుకునేవాళ్లు. మొదటి క్లాసులోనే వాళ్లకి ఒక మాట చెప్పేవాణ్ని. "తప్పు ఎవరు చేశారని అడగొద్దు. ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే వస్తోంది, అది అడగండి." ఆ మాట చుట్టూ గడి గీసి మరీ రాసుకునేవారు. దీపం కింద చీకటి అంటారు చూడండి, అది అచ్చంగా నా సంగతే.

పాఠాలు బాగా నడుస్తున్నాయి కదా అని సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద బండి కొన్నాను. నాకు డ్రైవింగ్ వచ్చు. కానీ ట్రాఫిక్‌లో నా నోటికి హద్దు ఉండదని మా ఆవిడ పట్టుబట్టి డ్రైవర్ని పెట్టించింది. ఖైరతాబాద్‌లో ఉండేవాడు, నలభై దాటిన మనిషి, అవసరానికి మించి మాట్లాడడు. మా పాపకి ఏడేళ్లు. అతన్ని "మామూ" అని పిలిచేది.

డిసెంబరు సెలవుల్లో ఆ బండిలోనే మనాలి బయల్దేరాం. విమానంలో వెళ్లొచ్చు కదా అని చెప్పనివాళ్లు లేరు. బండి మోజు నాది. తీరా అక్కడికి వెళ్లాక మంచు మీద ఒక మలుపులో బండి జర్రుమని పక్కకి జారింది. అతను స్టీరింగ్ వదలకుండా, బ్రేకు తొక్కకుండా మెల్లగా నిలబెట్టాడు. నేను మాత్రం గట్టిగా అరిచాను. పాప కంటే ముందు అరిచింది నేనే.

తిరుగు ప్రయాణంలో డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. ఒక కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు. చక్రం జారితే పట్టు తప్పకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ పనిచేయడం లేదని దాని అర్థం. వెలుగుతూ, ఆరుతూ మాతోపాటే హైదరాబాదు చేరింది.

ఇంటి ముందు దిగగానే అతని మీద విరుచుకుపడ్డాను. "మంచులో రేసులు నేర్చుకున్నావా? బండి నాశనం చేసి పెట్టావు."

"లే సార్, మెల్లగనే నడిపిన. గీ లైటు సుత కుడికి తిప్పినప్పుడే వస్తుంది. నేనేం చెయ్యలే సార్."

వినలేదు. తాళం లాక్కున్నాను. ఇక ఈ బండి ముట్టుకోవద్దనీ, నెలాఖరులోగా ఇంకో పని చూసుకోమనీ చెప్పేశాను. బడికి వెళ్లే పిల్లలు ఇద్దరున్న మనిషి. తల వంచుకుని సరే అన్నాడు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బండిని నేనే ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. కంప్యూటర్ తగిలించి, ఎడమ ముందు చక్రం దగ్గర ఉండే సెన్సర్ సరిగ్గా చెప్పడం లేదన్నారు. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేది అదేనట. మంచూ బురదా పట్టి ఉంటుందని సెన్సర్‌ని శుభ్రంగా తుడిచారు. లైటు ఆరింది. పంజాగుట్టలో యూటర్న్ తీసుకోగానే మళ్లీ వచ్చింది. రెండోసారి పాత వైరు అలాగే ఉంచి సెన్సర్ మార్చారు. ఇల్లు చేరేలోగా అది మళ్లీ హాజరు. ప్రతిసారీ నేను తిట్టుకున్నది డ్రైవర్నే.

అతను రోజూ వేళకే వచ్చి కింద సెల్లార్‌లో కూర్చునేవాడు. రెండోసారి కూడా నేను మొహం మాడ్చుకుని దిగడం చూసి లేచాడు. "సార్, పంజాగుట్ట ఎనక గల్లీల ఒక అన్న ఉన్నడు. ఒక్కసారి సూపెడదాం." ఇంక వేరే దారి లేక అతన్ని ఎక్కించుకుని వెళ్లాను.

ఆ మెకానిక్ బండిని చూడలేదు, మమ్మల్ని చూశాడు. "లైటు ఎప్పుడొస్తది?"

"ఎప్పుడు పడితే అప్పుడే" అన్నాను నేను.

"కుడికి తిప్పితే వస్తదన్నా" అన్నాడు డ్రైవర్.

"మరి గా ముచ్చట జెప్పాలె గద ముందుగాల!" అని మెకానిక్ జాకీ వేసి, నేను చెప్పిన ఎడమ ముందు చక్రం ఊడదీశాడు. నన్ను స్టీరింగ్ కుడికి తిప్పమని, వంగి లోపలికి చూశాడు. దిగి నేనూ చూశాను. సెన్సర్ వైరు బట్టలారేసే తాడులా బిగుసుకుపోయి ఉంది. దాన్నీ పక్కనున్న కడ్డీనీ కలిపి మట్టిగడ్డ లాంటిది ఏదో పట్టుకుని ఉంది. మెకానిక్ వేలితో మట్టి గీకితే ఆకుపచ్చ గుడ్డ బయటపడింది.

"అరె, గిది ఇమాం జామిన్ గద భాయ్?"

హైదరాబాదులో కొన్నేళ్లున్నవాడెవడికైనా అది తెలుసు. దూరం పోయేవాళ్లు క్షేమంగా రావాలని గుడ్డలో ఒక రూపాయి బిళ్ల పెట్టి చేతికి కడతారు. తిరిగొచ్చాక విప్పి ఆ బిళ్లని బీదవాళ్లకి ఇచ్చేస్తారు.

డ్రైవర్ వంగి ఆ గుడ్డని చూశాడు. "మా అమ్మీ కుట్టింది సార్. మంచుల పోతున్నరని మస్తు ఫికర్ జేసింది. పాప చేతికి కట్టమన్నది."

"మరి చేతికే కట్టొచ్చు కదా?"

అతను బండి లోపలి అద్దం వైపు చూశాడు. ఆ చూపుతో నాకు గుర్తొచ్చింది. పనిలో చేరిన వారంలోనే, అద్దానికి అతను తాయెత్తులా వేలాడదీసుకున్న తావీజు నేను విప్పించాను. నా బండిలో ఇలాంటివి వద్దన్నాను. డ్యాష్‌బోర్డు మీద మా వినాయకుడు మాత్రం ఉన్నాడు.

"పాప ఎడమ దిక్కే కూసుంటది గద సార్. గందుకే గా చక్రం కాడ కట్టిన. వైరు సుత అందుల పడ్డది సూస్కోలే. రాంగనే విప్పుదామనుకున్న. బండి ముట్టొద్దంటిరి."

గుడ్డ మంచుకి తడిసి, గడ్డకట్టి, బిగుసుకుపోయిందని మెకానిక్ చెప్పాడు. వైరుకి కదిలే జాగా లేక, తిప్పినప్పుడల్లా గుంజుకుపోయి లోపల తెగిందట. కొత్త వైరు వేశాడు. సోమాజిగూడ దాకా వెళ్లి, కావాలని నాలుగు యూటర్న్‌లు తీసుకున్నాం. లైటు రాలేదు.

బండి నడుపుతున్నది అతనే. నేను పక్కన కూర్చున్నాను. చివరికి ఎలాగో, "నెలాఖరు మాట మర్చిపో. ఉండిపో" అన్నాను.

అతను గేరు మార్చాడు. "సార్, నేను చెయ్యలే అని మొత్తుకున్న దినం పొమ్మన్నరు. నేనే చేసిన అని తేలినంక ఉండమంటున్నరు." గొంతులో కోపం లేదు. "సనత్‌నగర్‌ల ఒక ఫ్యాక్టరీ బండికి మాట ఇచ్చేసిన సార్. మాట తప్పుడు బాగుండదు."

బతిమాలడానికి నాకు ముఖం చెల్లలేదు. మా ఆవిడ అడిగి చూసింది. ఆమెకీ అదే మాట చెప్పాడు.

నెలాఖరు దాకా ఒక్క పూట మానలేదు. చివరి రోజు పాప అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. "మామూ, ఎందుకు వెళ్లిపోతున్నావు? డాడీ తిట్టారనా?"

"ఛ, డాడీ ఏమనలేదు బేటా. సనత్‌నగర్ మా ఇంటికి దగ్గర, గందుకే" అన్నాడు.

ఖైరతాబాద్‌లో ఉండే మనిషికి సనత్‌నగర్ మా ఇంటి కంటే ఎంతో దూరం. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాదని పాపకి చెప్పలేకపోయాను.