నడవగలిగినవాడి గాయం

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం, ఆఫీసుకని గ్రేటర్ నోయిడా వెళ్ళే బస్సులో నిలబడి ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ లెగటం లేదమ్మా. కొట్టినా లెగటం లేదు," అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు, ఆయన మీద ఫిర్యాదు ఉంది. నేను వెనక్కి తిరిగి ఢిల్లీలో మా పాలం కాలనీ చేరేసరికి డాక్టరు వచ్చి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. కొట్లాటల మధ్య బతికిన మనిషి ఎవరితోనూ గొడవ పడకుండా పోయారు.

ఆయన సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు మనిషి. ధౌలా కువాలో చదువుకునే రోజుల్లో వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకు దిగాను. చదువు అయిపోయింది, ఉద్యోగాలు మారాను, గది మాత్రం మారలేదు. ఆదివారం వాళ్ళింట్లో తినే మాంసం కూర అందుకు ఒక కారణం.

ఆ మాంసం ఆయనే కొట్టేవారు. దుకాణంవాడిని ముట్టుకోనిచ్చేవారు కాదు. మేక తొడ మొత్తంగా తెచ్చి, వెనక వసారాలో మొద్దు మీద పెట్టి, ఒక్కో వేటుకు ఒక్కో ముక్క తెగ్గొట్టేవారు. గోడ మీద, బనియను మీద, ఒక్కోసారి నా పుస్తకం మీద కూడా నెత్తురు చుక్కలు పడేవి. నేను మొహం తిప్పుకుంటే నవ్వేవారు. "రక్తం సూసి కళ్ళు మూసుకుంటే రక్తం ఆగదే గుంటా. సెయ్యి అడ్డం పెట్టాల." వాళ్ళ వైపు ఆడపిల్లను గుంట అనే పిలుస్తారు.

ఒకరోజు అలా కొడుతూనే తన గాయం సంగతి చెప్పారు. నేను అడగలేదు. అంతకు ముందు వారమే కాలనీ పార్కులో జరిగిన రభస గురించి ఆంటీ ఇంకా తిడుతూనే ఉన్నారు.

ఆ రభస ఇది. గణతంత్ర దినాన మా కాలనీలో మాజీ సైనికులందరూ పతకాలు పెట్టుకుని జెండా దగ్గర నిలబడతారు. అంకుల్ పిల్లలకు తాను కొండ మీద యుద్ధంలో గాయపడిన సంగతి చెబుతున్నారు. పక్క వీధిలో ఉండే ఒక రిటైర్డ్ హవల్దారు, సైన్యంలో గుమాస్తా పని చేసినాయన, లడ్డూల పళ్ళెం పట్టుకుని వచ్చి నవ్వాడు. "అచ్ఛా సాబ్, గాయమైతే గాయం మెడల్ ఏదీ? మీ ఛాతీ మీద ఆ రిబ్బన్ లేదే! బాత్రూమ్‌లో జారిపడ్డారా ఏం?"

నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే అంకుల్ తలతో హవల్దారు ముక్కు మీద గుద్దారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. లడ్డూల మీద నెత్తురు. కింద పడ్డవాడి గొంతు మీద అంకుల్ మోకాలు. పిల్లలు కేకలు. లాగబోయిన నాకు ఆయన మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. నా నోటి నెత్తురు చూశాకే ఆయన లేచారు.

ఇంటికొచ్చాక ఐసు ముక్క గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. "నీకూ ఓ మెడల్ రాయిస్తాన్లే."

"ముందు మీది రాయించుకోండి," అన్నాను. కోపంతోనే అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

ఆ తరువాతి ఆదివారమే మేక తొడను మొద్దు మీద నిలబెట్టి, కత్తి మొనతో చూపించారు. "ఇదిగో, ఇలాగ దూరింది గ్రెనేడు ముక్క. నాకు పక్కటెముకల కింద."

పైనుంచి కాల్పులు వస్తుంటే తాడు పట్టుకుని ఎక్కారట. రాళ్ళు పేర్చిన శత్రువుల బంకరులోకి దూకినప్పుడు తుపాకీలో గుండు ఇరుక్కుపోయింది. ఎదురుగా ఉన్నవాడిని తుపాకీ మడమతో కొట్టారు. వాడు పడిపోయాక కూడా కొట్టారు. "మొకం లేకుండా పోయేదాకా కొట్టీసినాను. అప్పుడేటో వేడిగా నడుం మీంచి కారతంది. వాడి నెత్తురే అనుకున్నాను." పక్కనే ఆయన స్నేహితుడు కూర్చుని, బయటికొచ్చిన పేగులను రెండు చేతులతో పట్టుకుని నీళ్ళడిగాడు. ఇవ్వకూడదని తెలుసు. ఇచ్చారు. తాగుతూనే పోయాడు.

ఆంటీ వంటింట్లోంచి అరిచారు, "తిండి దగ్గర ఆ కతలేటి? ఆ పిల్ల ఇంకేటి తింటాది?"

నేను తిన్నాను. కానీ ఒకటి అర్థం కాలేదు. అంత గాయమైతే సైన్యం రికార్డులో ఎందుకు లేదు?

"మా పదిమంది సెక్షన్‌లో ఓ లెక్క ఉండేదమ్మా. నడవగలిగినోడు గాయపడ్డట్టు కాదు." గాయమని రాస్తే కిందికి పంపేస్తారు. పంపాలంటే తోడు ఇద్దరు దిగాలి. పైన మిగిలింది కొద్దిమంది, అవతలివాళ్ళు మళ్ళీ వస్తారని తెలుసు. అందుకని కట్టు కట్టడానికి వచ్చిన నర్సింగ్ అసిస్టెంటు చేత 'కాలు జారి పడి దెబ్బ తగిలింది' అని రాయించారు. ఆ వాక్యమే ఆయన రికార్డులో ఉండిపోయింది. తరువాత సిగ్గేసి అడగలేదు. ఇప్పుడు కాలనీ అంతా ఆయన్ని అబద్ధాలకోరు అంటోంది.

అర్జీ నేనే టైపు చేశాను. శత్రువు చేతిలో గాయపడినట్టు సర్వీసు రికార్డు సవరించి, ఆ పతకం చేర్చమని. జవాబు మర్యాదగానే వచ్చింది: రికార్డు ప్రకారం అది ప్రమాదం, కాదంటే అప్పుడు వైద్యం చేసినవారి వాంగ్మూలం జతచేయండి.

ఆ నర్సింగ్ అసిస్టెంటు గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీ హాస్టల్ గేటు దగ్గర గార్డుగా ఉన్నాడని అంకుల్ పాత మిత్రుల ద్వారా తెలిసింది. ప్రకాశం జిల్లా ఆయన. నేనూ అంకులూ వెళ్ళాం. మమ్మల్ని చూడగానే సెల్యూట్ చేశాడు. ఇద్దరూ కాసేపు ఒకరి పొట్టను ఒకరు వెక్కిరించుకున్నారు. సంగతి చెప్పగానే ఆయన మొహం మారింది.

"నేను రాయను సాబ్. తప్పుడు రాత రాశానని నా చేత్తో నేనే ఒప్పుకోమంటారా? నా పెన్షన్ పట్టుకుంటే?"

"ఒరే, నాను బతికున్నప్పుడే కదరా నిజం తేలాల..."

"రాయనన్నాను కదా."

అంకుల్ ఆయన కాలరు పట్టుకుని గేటుకేసి నొక్కారు. ఇనుప గేటు దడదడలాడింది. లోపలికి వెళ్తున్న విద్యార్థులు ఆగిపోయారు. నర్సింగ్ అసిస్టెంటు విడిపించుకోలేదు.

"కొట్టండి సాబ్. ఆరోజు కూడా ఇట్టాగే పట్టుకున్నారు. మీ చెయ్యంతా నెత్తురు. రాయకపోతే ఇక్కడే పాతేస్తానన్నారు. నేను కుర్రోణ్ణి. భయపడి రాశాను. గుర్తుందా?"

అంకుల్‌కు గుర్తు లేదు. అది ఆయన కళ్ళలో కనిపించింది. పేగులు, నీళ్ళు, మొహం లేని శవం, అన్నీ గుర్తున్న మనిషికి ఈ ఒక్కటి గుర్తు లేదు. కాలరు వదిలేసి, నలిగిన చొక్కాను అరచేత్తో సాపు చేశారు. గేటు పక్క అరుగు మీద కూర్చుని నా వైపు తిరిగారు.

"అమ్మా, ఇదీ రాయి. నానే పీక పట్టుకుని రాయించినానని రాయి. ఆడి తప్పు లేదు."

"అలా రాస్తే మీకే నష్టం అంకుల్. సాటి జవాన్ని బెదిరించారని..."

"జరిగింది రాయమన్నాను. మెడల్ రాకపోతే పోనీ."

అలాగే రాశాను. అప్పుడు నర్సింగ్ అసిస్టెంటు తన వాంగ్మూలం మీద సంతకం చేశాడు. తిరుగు బస్సులో అంకుల్ ఒక్క మాటే అన్నారు: "యుద్ధంలో మనం కొట్టినోళ్ళలో మనోళ్ళూ ఉంటారే. ఆళ్ళ లెక్క ఎవడూ రాయడు." ఆ తరువాత కాలనీలో ఎవరేమన్నా ఆయన చెయ్యి లేవలేదు. వెనక వసారాలో వేట్లు మాత్రం పాత జోరుతోనే పడేవి.

వాంగ్మూలం జతచేసి పంపిన అర్జీకి జవాబు రాకుండానే ఆయన పోయారు.

దహనం అయిన కొద్ది రోజులకు ఆంటీ చీర మార్చుకుని నా గది ముందు నిలబడ్డారు. "ఆ ఆఫీసుకి ఎల్దాం పద. మనిషి పోనాడని ఆ అర్జీని మూసీగలరు." యుద్ధం మాటెత్తితేనే గిన్నెలు విసిరే మనిషి.

కౌంటరు దగ్గర గుమాస్తా కాగితాలు చూసి, ఇకమీదట భార్య పేరున అర్జీ కొనసాగుతుందని చెప్పాడు. ఆ తరువాత తలెత్తి, "మాతాజీ, ఆ గాయం మీరు చూశారా?" అని హిందీలో అడిగాడు.

ఇన్నేళ్ళుగా ఢిల్లీలో హిందీ మాట్లాడుతున్న ఆంటీ తెలుగులోనే జవాబిచ్చారు. "సూడ్డమేటి బాబూ? సలికాలం ఒచ్చిందంటే రోజూ నూనె రాసింది నానే కదా."

నేను హిందీలో చెప్పబోయాను. గుమాస్తా వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆంటీ అప్పటికే కౌంటరు మీదుగా చెయ్యి చాచి, గాలిలో, ఆయన పక్కటెముకల కింద అన్నట్టు, ఒకచోట బొటనవేలు ఆనించి, మెల్లగా నొక్కుతూ లోపలికి తోస్తున్నారు. ఇంత లోతు అన్నట్టు ఒకచోట ఆపారు. అక్కడ ఇంకా నొప్పి ఉన్నట్టుగా, వేలు మరి కదపలేదు.