గాలి తిత్తి పోయిన చోట తుమ్మ మొద్దు

2022, పత్తి తీతల కాలం. మాచర్లలో సాగర్ రోడ్డు పక్కన నా షెడ్డు. లారీలకు ఎయిర్ బ్రేకు పని చేస్తాను. పల్నాడు మొత్తంలో ఈ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ వచ్చాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి దిద్దుకుంటాను: మాచర్లలోనే ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళలో శ్రీను నా దగ్గరే నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్నాడు. నాకంటే శుభ్రంగా చేస్తాడు. ఈ మాట ఎవరైనా నా ఎదుట అంటే మాత్రం ఒప్పుకోను.

పెద్ద బండికి బ్రేకు పట్టించేది కాలి బలం కాదు, గాలి. ఇంజను పక్కనున్న కంప్రెసర్ ట్యాంకుల్లోకి గాలి నింపుతుంది. పెడల్ తొక్కితే ఆ గాలి చక్రాల దగ్గరికి పోయి బ్రేకు పట్టిస్తుంది. గాలి అయిపోతే బండి ఆగకుండా పోతుందని చాలామంది భయపడతారు. అందుకే వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగు ఒకటి పెట్టారు. గాలి ఉన్నంతసేపు అది అణిగి ఉంటుంది. గాలి బాగా పడిపోయిందా, విచ్చుకుని చక్రాన్ని బిగించేస్తుంది. ఇక బండి కదలదు.

ఆ రోజు నా షెడ్డు ముందు ఒక బస్సు అట్లాగే బిగుసుకుపోయింది. సినిమా హాలంత బస్సని టీ కొట్టు దగ్గర చెబుతుంటాను గానీ, నిజానికి కాలేజీ బస్సంత ఉంటుంది. లోపల మాత్రం ఇల్లే. పొయ్యి, సింకు, బాత్రూము, చివర్లో మంచం. మోటర్‌హోమ్ అంటారట. నడుపుతున్నది కోటేశ్వరరావు గారు. నరసరావుపేటలో పత్తి కమీషన్ వ్యాపారం చేసి మానేశారు. ఆయన భార్య సుశీలమ్మ గారు వెనక మంచం మీద పడుకుని ఉన్నారు.

ఆయన బోర్డు మీద నా పేరు చూసి దిగారు.

“ఏందయ్యా మస్తానూ ఇది? పొద్దున లేచేసరికి బండి ఎడం పక్కకి ఒరిగిపోతంది. రోడ్డెక్కినాక మీటర్లో గాలి ముల్లు దిగతానే ఉంటంది. ఇయ్యాల ఇదిగో, ఇక్కడ పట్టేసింది.”

“నా షెడ్డు ముందు పట్టేసిందంటే బండికి మీకంటే తెలివి ఎక్కువ సార్,” అన్నాను.

లోపల్నుంచి ఆవిడ నవ్వారు. “ముందు నీ నోటికి బ్రేకు ఏసుకోవయ్యా, తర్వాత మా బండికి ఎయ్యి.”

కింద దూరి చూశాను. లారీలకు బరువు మోసేవి కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు. ఈ బస్సుకు ముందు కమాన్లే ఉన్నాయి గానీ వెనక ఇరుసు మీద ఎయిర్ సస్పెన్షన్ పెట్టారు. కమాన్ల బదులు రబ్బరు తిత్తులు. వాటిని బెలోస్ అంటారు. గాలి నిండితే బండి వాటి మీద తేలినట్టు పోతుంది. ఎడమ తిత్తి పగిలి బుస్సుమంటోంది. అంతకన్నా పెద్ద తప్పు, బండి కట్టినవాడెవడో తిత్తుల పైపును నేరుగా బ్రేకు ట్యాంకుకే కలిపేశాడు. మధ్యలో ప్రొటెక్షన్ వాల్వ్ ఉండాలి. బ్రేకుకు సరిపడా గాలి ఉంటేనే అది తిత్తులకు దారి ఇస్తుంది, తగ్గితే మూసేస్తుంది. అది లేకపోవడంతో తిత్తి కారినంతసేపూ బ్రేకు గాలే పోతోంది.

ఇది నేనే కనిపెట్టాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

స్పానర్ అడగడానికి వచ్చిన శ్రీను కూడా వంగి చూశాడు. “బాబాయ్, తిత్తీ, వాల్వూ విజయవాడలో దొరుకుతయ్. ఇప్పుడు ఫోన్ చేత్తే ఎల్లుండికి పార్సిల్లో వత్తయ్.”

“ఎల్లుండిదాకా ఆగుతాం,” అన్నారు కోటేశ్వరరావు గారు. “మాకేం తొందర? ఇల్లు మాతోనే ఉంది గదా.”

నేను అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ శిష్యుడు నా షెడ్డులో, నా గిరాకీ ముందు, నాకు దారి చెప్పాడు. “ఒరేయ్ శ్రీనూ, తిత్తులు నువ్వు ఊదుకో పో. సార్‌ని సాయంత్రానికి పంపిత్తా చూడు,” అన్నాను.

క్వారీ దారిలో లారీ కమాన్ విరిగితే మావాళ్ళు చేసే పని ఒకటుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య తుమ్మ మొద్దు దూర్చి, గొలుసుతో బిగించి, బండిని ఇంటికి తెచ్చుకుంటారు. నేను అదే చేశాను. తిత్తులకు పోయే పైపుకు డమ్మీ కొట్టాను, అంటే బిరడా బిగించి మూసేశాను. రెండు పక్కలా తుమ్మ మొద్దులు కట్టాను. గాలి ముల్లు నిండుగా నిలబడింది. బ్రేకు తొక్కితే బండి గోడకు కొట్టినట్టు ఆగింది.

బయలుదేరే ముందు సుశీలమ్మ గారు నన్ను లోపలికి పిలిచారు. “అన్నా, నా నడుముకి ఆపరేషనయింది. కూచోలేను, పడుకునే తిరగాల. చానా ఏళ్ళయింది ఇల్లు కదిలి. ఎత్తిపోతల జలపాతం చూత్తానంటే ఆయన ఈ బస్సు కట్టించాడు, తిత్తులుంటే కుదుపు రాదని. ఇప్పుడు కుదుపు రాదు గదా?”

“పూల మీద పోయినట్టుంటదమ్మా,” అన్నాను.

అది కావాలని చెప్పిన అబద్ధం కాదు. బండిని నేనే నడిపి చూశాను. కానీ కూర్చున్నది డ్రైవర్ సీట్లో, ముందు కమాన్ల మీద, కింద మెత్త వేసుకుని. మా లారీల్లో వెనక ఉండేది రాయి. అది ఎగిరి పడినా నోరెత్తదు. అందుకే మా బజారులో బండి బాగుందో లేదో ముందు కూర్చునే తేలుస్తాం. ఆవిడ మంచం సరిగ్గా నేను మొద్దులు కట్టిన ఇరుసు మీద ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆ తర్వాతి కథ టీ కొట్టులో చాలాసార్లు చెప్పాను. ఘాట్ రోడ్డులో బస్సు బ్రేకు పోయి దొర్లుతుంటే నేను బైకు మీద వెంటపడి ఆపినట్టు. అదంతా ఉత్తదే. జరిగింది ఒక్క ఫోన్ కాల్.

“మస్తానూ,” అన్నారు కోటేశ్వరరావు గారు. వెనక అంబులెన్సు మోత. “ఊరు దాటగానే స్పీడ్ బ్రేకర్ మీద మా ఆవిడ అరిచింది. మెల్లగా పోనిచ్చా. తర్వాత గుంటలో పడ్డప్పుడు అరవను కూడా అరవలా. గుంటూరు తీసకపోతన్నా. బండి రోడ్డు పక్కనే ఉంది, తాళాలు చక్రం మీద పెట్టా. నువ్వు తెచ్చుకో.”

ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

వెన్నులో వేసిన స్క్రూ కదిలిందట. మళ్ళీ కోశారు.

నేను శ్రీను షెడ్డుకు పోయాను. “ఒరేయ్, ఆ తిత్తీ వాల్వూ తెప్పించు.”

“ఇప్పుడా బాబాయ్?” అన్నాడు. ఫోన్ తీసి విజయవాడకి చేశాడు.

బస్సును షెడ్డుకు తెచ్చి ఇద్దరం కలిసి మొద్దులు తీసేశాం. తిత్తులు రెండూ మార్చాం, ప్రొటెక్షన్ వాల్వ్ బిగించాం. ఆవిడ ఇంటికి వచ్చారని తెలిశాక బస్సు నరసరావుపేటకు తీసుకుపోయాం. శ్రీనుని నడపమని నేను వెనక మంచం మీద పడుకున్నాను. అప్పుడు చూశాను, మంచం పక్క కిటికీని దిండు ఎత్తుకు దించి కోయించారు. పడుకున్న మనిషికి బయటిది కనపడాలని. గురజాల దాటాక పత్తి చేలల్లో ఆడవాళ్ళు, సైకిలు మీద పాలవాడు, గట్టు మీద గేదెలు, అన్నీ నా ముఖం పక్కనుంచే పోతున్నాయి. స్పీడ్ బ్రేకర్లు వచ్చాయి, పోయాయి. దిండు మీద నా తల కదల్లేదు. పిడుగురాళ్ళ వచ్చేసరికి కిటికీ వైపు చూడలేక గోడ వైపు తిరిగాను.

సుశీలమ్మ గారు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు.

“బాగా చేశావా అన్నా?”

“ఈసారి చేశానమ్మా. నేనే పడుకుని వచ్చా. ఒక్కసారి ఎక్కండి, ఈ సందు చివరిదాకా పోయి వద్దాం. నేను పక్కనే కూచుంటా.”

ఆవిడ బస్సును చక్రాల దగ్గర్నుంచి పైదాకా చూశారు. “వద్దులే అన్నా. చూత్తేనే నడుం పట్టేత్తంది. మంచి బండి. ఎవరికన్నా ఇచ్చెయ్యమని ఆయనకి చెప్పా.”

కోటేశ్వరరావు గారు తాళాలు తీసుకుని, టీ తాగి పొమ్మన్నారు. తాగాం.

ఇప్పుడు ఏ బండి వచ్చినా బోల్టు విప్పకముందే అడుగుతాను, లోపల ఎవరు ఉంటారు, ఎక్కడ ఉంటారు అని. డ్రైవర్లు నవ్వుతారు. “ముసలోడికి చాదస్తం పట్టింది,” అంటారు. అననీ. పని అయ్యాక వాళ్ళు చూపించిన చోట నేనే కూర్చుని, ఊరవతలి గుంటల దాకా పోయి వస్తాను. బ్రేకు గురించి నాకు తెలిసింది నిజమే, ఆ బస్సు బ్రేకులు ఆ రోజు బ్రహ్మాండంగా పడ్డాయి. ఆవిడ నన్ను అడిగింది బ్రేకు గురించి కాదు.

ఆ బస్సు అమ్ముడుపోయింది. సుశీలమ్మ గారు ఎత్తిపోతల ఇంకా చూడలేదు.