నాంచారయ్య గారికి వణుకొచ్చిన నాలుగుసార్లు

దెయ్యాలంటే నాకు భయం లేదు, విసుగు. మా నాన్నగారు ముదినేపల్లిలో సైన్సు మాస్టారుగా చేశారు. ఇంట్లో ఎవరైనా చీకట్లో ఏదో కనిపించిందంటే ముందు కళ్లజోడు నంబరు అడిగేవారు. అలాంటి ఇంట్లో పెరిగాను. ఇప్పుడు నాకు నలభై మూడేళ్లు. రోజూ గుడివాడ నుంచి బందరుకు బస్సులో వెళ్లి రావడం, వచ్చాక వంట, అంట్లు. వీటన్నిటి తర్వాత దెయ్యాల్ని నమ్మే ఓపిక కూడా ఉండదు. ఇది ముందే చెప్పుకుంటున్నాను, తర్వాత ఎలాగూ ఎవరూ నమ్మరు కాబట్టి.

బందరులో ఒక పరిశోధన ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. ప్లీహం జబ్బుల మీద. పెద్దవాళ్లు కడుపులో బల్ల పెరిగింది అనేవారే, అదే. ఎడమ డొక్కలో ఉండే ఈ ప్లీహం రక్తాన్ని వడపోస్తుంది, రోగాలతో పోరాడే కణాలను దాచుకుంటుంది. కొందరిలో అది అతిగా పెరిగి సొంత రక్తాన్నే తినేయడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆపరేషన్ చేసి తీసేస్తారు. రోగి ఒప్పుకుంటే అందులో ఒక ముక్క మా ల్యాబుకు వస్తుంది. దాంట్లోని రోగనిరోధక కణాలను విడదీసి, చిన్న ట్యూబుల్లో పోసి, గడ్డకట్టించి ఫ్రీజర్లో పెడతాం. తర్వాత ఒక్కో ట్యూబు తీసి కరిగించి, ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి ఊరికే ఉన్నాయో యంత్రంతో చూస్తారు.

చూసేది వేరేవాళ్లు. నాది కాగితాల పని. సంతకాలు తీసుకోవడం, ట్యూబులకు నంబర్లు వేయడం, ఆపరేషన్ అయినవాళ్లతో ఫోన్లో మాట్లాడి వాళ్ల బాగోగులు ఒక పుస్తకంలో రాయడం. ఫ్రీజర్లోంచి ఏ ట్యూబు ఎప్పుడు తీశారో రాసే పుస్తకం ఇంకొకావిడ చూసేది. ఆవిడ మానేశాక అదీ నా నెత్తినే పడింది.

నాంచారయ్య గారిది నాగాయలంక అవతల, సముద్రం వైపు ఊరు. యాభై ఏళ్లుంటాయి. వేటకు వెళ్తారు, వేట లేనప్పుడు వలలు బాగుచేస్తారు. మా పుస్తకంలో ఆయన పదిహేడో నంబరు. ఆరు ట్యూబులు.

ప్లీహం తీసేసినవాళ్లకు వణుకుతో జ్వరం వస్తే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది, టీకాలు వేసినా సరే. అందుకే ఇంటికి పంపేటప్పుడు ఒక కార్డు ఇస్తాం. 'వణుకు వస్తే ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి' అని ఉంటుంది. ఆ వాక్యం నేను రాసిందే. ఆయన భార్య తిరుపతమ్మ దాన్ని రెండుసార్లు పైకి చదువుకుని తీసుకెళ్లింది.

మొదటిసారి వేట నిషేధం రోజుల్లో. పగలు పదకొండింటికి తిరుపతమ్మ ఫోన్ చేసింది. ఎండలో వల ముందు కూర్చున్న మనిషి పళ్లు టకటకలాడేలా వణుకుతున్నాడట. వెంటనే అవనిగడ్డ తీసుకెళ్లమన్నాను. అక్కడికి చేరేసరికి వణుకు లేదు. జ్వరం లేదు. రక్తపరీక్షల్లోనూ ఏమీ లేదు.

రెండోసారి ఒక నెల తర్వాత, మధ్యాహ్నం మూడున్నరకు. మళ్లీ ఆటో, మళ్లీ అవనిగడ్డ, మళ్లీ ఏమీ లేదు. ఎలాగూ అక్కడిదాకా వచ్చాం కదా అని మోపిదేవి వెళ్లి స్వామికి దండం పెట్టుకొచ్చామని తిరుపతమ్మ చెప్పింది.

ఆ నెలాఖరున రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని రిపోర్టు రాస్తున్నాను. పదిహేడో నంబరు మొదటి ట్యూబు తీసింది పదకొండుకు ఐదు నిమిషాల ముందు. రెండోది తీసింది మూడూ ఇరవైకి. తేదీలు కూడా అవే. నా ఫోన్ తీసి తిరుపతమ్మ కాల్స్ మళ్లీ చూసుకున్నాను. ల్యాబులో ట్యూబులు కరిగించే మాధవికి చూపించాను. "అక్కా, నువ్వు నాలుగు రోజులు సెలవు పెట్టు" అంది. ఉంటే పెట్టనా.

మూడోసారి నేను చేసింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజు పదిహేడో నంబరు మూడో ట్యూబు ఎన్నింటికి తీస్తావో నాకు చెప్పొద్దని మాధవితో అని, వరండాలోకి వచ్చి నాంచారయ్య గారికి ఫోన్ చేశాను. ఆకలి ఎలా ఉంది, నిద్ర పడుతోందా, కుట్లు లాగుతున్నాయా అని అడిగాను. ప్రశ్నలు అయిపోయాక గాలి గురించి, రొయ్య గురించి మాట్లాడించాను. ఎనిమిది నిమిషాలయ్యాక ఆయన మాట మధ్యలో ఆగిపోయారు.

"మేడం గారూ, ఎవరో తలుపు తీశారండి. చలేస్తంది."

ఆయన కూర్చున్నది ఇసుకలో, తాటాకు పందిరి కింద. అక్కడ తలుపే లేదు. నేను ల్యాబులోకి పరుగెత్తేసరికి మాధవి గ్లవ్స్ చేతులతో ట్యూబు పట్టుకుని నిలబడి ఉంది. పావుగంటలో ఆయన వణుకు తగ్గిపోయింది. ఆసుపత్రికి వెళ్లమని ఆ రోజు నేను చెప్పలేదు.

భయం వేసిన మాట నిజం. కానీ భయం రెండు రోజులే ఉంది. తర్వాత ఒక ధీమా వచ్చింది, ఈయనకు వణుకు ఎందుకొస్తుందో నాకు తెలుసులే అని.

నాలుగో ట్యూబు ఒక గురువారం. 'తొమ్మిది గంటలకు పదిహేడో నంబరు' అని ల్యాబు బోర్డు మీద ముందురోజు నేనే రాసి వెళ్లాను. పొద్దున బస్సు గుడ్లవల్లేరు దాటాక, తొమ్మిదీ పదికి తిరుపతమ్మ ఫోన్.

"మళ్లీ వణుకుతున్నాడండి. ఆటో పిలిచాను. బయల్దేరమంటారా?"

"వద్దులే అమ్మా. దుప్పటి కప్పు. కాసేపట్లో అదే తగ్గుతుంది" అన్నాను.

తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. అదీ రాయాలి కదా.

ల్యాబుకు చేరేసరికి పదీ ఇరవై. ట్యూబులు కరిగించే నీళ్ల తొట్టె పాడైందని మాధవి చేతులు కట్టుకుని కూర్చుంది. పదిహేడు తీశావా అని అడిగాను. "ఎక్కడ అక్కా, ఇది బాగవ్వాలి కదా. పొద్దుట్నుంచి ఫ్రీజరే తెరవలేదు" అంది. బ్యాగులోంచి ఫోన్ తీస్తే తిరుపతమ్మవి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి ఫోన్ చేసి, వెంటనే బయల్దేరమన్నాను. అప్పటికే ఆయన మాట తడబడుతోందట.

ఈసారిది అసలు జ్వరం. అవనిగడ్డ నుంచి అంబులెన్సులో బందరు తెచ్చారు. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. బతికారు. కుడిచేతి మూడు వేళ్లకు రక్తం అందక నల్లబడిపోతే తీసేయాల్సి వచ్చింది. ఇక వల ముడి వేయలేరు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే వేళ్లు దక్కేవేమో అన్నారు డాక్టరు. ఆ 'ఏమో'ను పట్టుకుని చాలా రోజులు బతికాను.

ఆయన కణాల ఫలితాలు వచ్చాయి. మిగతావాళ్లవి ఎలా ఉన్నాయో అవీ అలాగే ఉన్నాయి. ఆపరేషన్ అయినవాళ్లకు ఆందోళనతో వణుకు రావడం మామూలే అని ప్రాజెక్టు నడిపే మా సార్ అన్నారు. కావచ్చు. కానీ మేం ట్యూబు ఎప్పుడు తీస్తామో ఆ ఊళ్లో ఎవరికి తెలుసు? మూడోసారి నాకే తెలియదు. మిగిలిన మూడు ట్యూబులూ పనికిరావని రాసి నేనే జాబితాలోంచి తప్పించాను. అవి ఫ్రీజర్లో అలాగే ఉన్నాయి. ఆ మూడుసార్లూ జరిగినదానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు, వెతికే ఓపికా లేదు.

మా రోగి ఎవరైనా ఇలా ఐసీయూ దాకా వస్తే మేం ఒక ఫారం నింపాలి. అందులో 'ఆసుపత్రికి చేరడంలో ఆలస్యానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. వార్డు బయట బెంచీ మీద, తిరుపతమ్మ పక్కనే కూర్చుని నింపాను. "మీరు ఫోన్లో ఉండబట్టి దక్కాడండి మా మనిషి" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకుని, 'వాహనం దొరకలేదు' అని రాశాను. కింద రోగి తరఫువాళ్ల సంతకం కావాలి. ఒకసారి చదువుకోమ్మా అని కాగితం ఇచ్చాను. చదివి తిట్టినా బాగుండుననిపించింది.

"మీరు రాశాక ఇంక నేను చూసేదేముందండి" అని సంతకం పెట్టేసింది.