కల్లంలో బడి మేర

మిరపకాయలు ఎండి బస్తాలకెత్తే రోజున మా కల్లంలో ముందుగా మేర తీసేవాళ్లం. చాకలికి ఇంత, మంగలికి ఇంత, వడ్రంగికి ఇంత అని. ఏడాది పొడుగునా వాళ్లు చేసిన పనికి పంటలోంచి ఇచ్చే వాటా అది. ఎవరూ అడగక్కర్లేదు, రైతే తీసి పక్కన పెట్టాలి. నేను ఎంత గట్టిదాన్నో మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. చిరిగిన గోనెసంచికి మాసిక వేసి, అది కూడా చిరిగితే కాళ్లు తుడుచుకునే పట్టా చేసేదాన్ని. అయినా మేర దగ్గర మాత్రం చెయ్యి ముడవలేదు. ఒక ఏడు ఆ మేరల్లో కొత్తది ఒకటి చేరింది. అది బడికి.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో సంగతి. అప్పటికి మా ఆయన పోయారు. పత్తి, మిరప నేనే దగ్గరుండి చేయించుకునేదాన్ని. నాకు ఒక్కతే కూతురు. మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఊరికి తూర్పున చర్చి చుట్టూ ఉన్న ఇళ్లని పాలెం అనేవాళ్లు. అక్కడి నుంచి మా చేలోకి కోతకు వచ్చే ఒక మనిషి కూతురు కూడా అదే తరగతి. ఒకసారి ఆ తల్లికి కాలు వాచి చీరాల ఆసుపత్రిలో పెడితే, చూడటానికి నాతో మా పిల్లా వచ్చింది. తెల్లచీర నర్సమ్మలు సూదిమందు ఎక్కిస్తుంటే పిల్లలిద్దరూ నోళ్లు తెరుచుకుని చూశారు. ఇంటికి తిరిగొచ్చాక ఇద్దరిదీ ఒకటే పాట, నర్సులం అవుతామని.

అవ్వాలంటే సైన్సు చదవాలి. మా బడిలో తొమ్మిదో తరగతి నుంచి సైన్సు విడిగా చెప్పాలంటే ప్రయోగాల గది ఉండాలట. మాకు గది లేదు. సైన్సు మాస్టారు నల్లబల్ల మీద గాజుబుడ్డి బొమ్మ వేసి, "ఇందులో నీళ్లు మరిగాయనుకోండి" అనేవారు. పిల్లలు "అనుకున్నాం మాస్టారూ" అనేవారు. సైన్సంతా అనుకోవడంలోనే గడిచిపోయేది. పిల్లని గుంటూరులో హాస్టల్లో పెట్టి చదివించే తాహతు నాకు లేదు. పాలెం మనిషికి అసలు ఆ ఊసే లేదు. ఆ వేసవిలోగా గది లేవకపోతే ఇద్దరు పిల్లల చదువూ అక్కడితో సరి.

మాస్టారు మూడు ఊళ్లవాళ్లనీ బడి ఆవరణలో కూర్చోబెట్టారు. మా ఊరు, కాలవ అవతల నేతవాళ్ల ఊరు, పాలెం. పంచాయతీ ప్రెసిడెంటు మా బావగారే, మా ఆయనకు అన్నగారు.

"గది మనం కట్టుకుంటే సామాను సర్కారు వారిస్తారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి చూసి సరేననాలి," అన్నారు మాస్టారు.

"చందాలంటే ఎవడిస్తాడయ్యా? గుడికి సున్నం వేయిస్తామంటేనే తలుపులు మూసుకున్నారు," అన్నారు బావగారు.

నేను స్తంభం పక్కనుంచి అన్నాను: "చందా మాటెత్తొద్దు బావగారూ. ఇంట్లోకి చేరిన సరుకు బయటికి తీయాలంటే ప్రాణం పోయినట్టుంటుంది. కల్లంలోనే తీయిద్దాం. చాకలికి తీసినట్టు బడికీ మేర తీయమందాం. కల్లంలో తీసింది ఎవడూ తనదనుకోడు."

"అమ్మాయ్, నువ్వేనా ఈ మాటంటున్నది? మొన్న కూరలమ్మితో కొసరు వంకాయ కోసం సందు చివరిదాకా పోట్లాడావే!" అన్నారు బావగారు.

అందరూ నవ్వారు. "కొసరు నాకు రావాల్సింది. మేర నేనివ్వాల్సింది. రెండూ ఒకటేనా?" అన్నాను.

అప్పుడు దూరంగా నిలబడ్డ పాలెం మనిషి గొంతు పెంచింది. "మాకు కల్లాలు లేవు గదయ్యా. మేం రాళ్లు మోస్తాం, మట్టి తొక్కుతాం. గానీ ఒక్కమాట ముందే చెప్పండి. గది లేచినాక మా పిల్లోళ్లు లోపలికొచ్చి ఆ సామాను ముట్టుకోవచ్చా? లేకపోతే కిటికీకాడ నిలబడి చూడాలా?"

అందరూ బావగారి వంక చూశారు. నేనూ అటే చూశాను. మాస్టారే అన్నారు, "ముట్టుకోకుండా ప్రయోగం ఎలా చేస్తారమ్మా? ముట్టుకోవాల్సిందే."

బావగారు కండువా దులుపుకుని, "మాస్టారి గది, మాస్టారిష్టం," అన్నారు. అది ఒప్పుకున్నట్టో తప్పుకున్నట్టో తెలియలేదు. ఎందుకైనా మంచిదని నేను అందరికీ వినబడేట్టు, "ఒప్పుకున్నారు. ఇక పని చూడండి," అన్నాను.

ముందుగా కాసిన కాయల మేరలు అమ్మి పెంకులు కొన్నారు. మా ఊరి బండ్లు పల్నాటి వైపు నుంచి నేలకి పరిచే నాపరాళ్లు తోలుకొచ్చాయి. నేతవాళ్లు కిటికీలకు నల్లటి దుప్పట్లు నేసిచ్చారు, వెలుతురు పాఠాలు చెప్పేటప్పుడు గది చీకటిగా ఉండాలట. గోడలు పాలెం వాళ్ల చేతుల మీద లేచాయి. మా ఊళ్లో అంత పొడిగా, అంత నున్నగా ఉండే నేల మరొకటి లేదు. కొంప మీదకి తెచ్చింది ఆ నేలే.

సోమవారం ఇన్‌స్పెక్టరు గారు వస్తారని కబురొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి నల్లగా మబ్బు లేచింది. ఊళ్లో ప్రతి కల్లంలోనూ కాయలు పరిచి ఉన్నాయి. మిరపకాయ తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది, దాన్ని తాలు అంటారు. తాలుకి ధర ఉండదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. మబ్బు చూసిన రైతుకి మొదట గుర్తొచ్చేది పొడినేల. బుట్టలు, తట్టలు, పంచెల మూటలు, అన్నీ పరుగున ఆ గదిలోకే చేరాయి. కిటికీ ఎత్తున ఎర్రగా గుట్ట పడింది. మాస్టారు గొడుగు కింద తల పట్టుకుని, "రేపు ఇన్‌స్పెక్టరు గారండీ!" అంటుంటే, "పొద్దున్నే తీసేస్తాంలెండి మాస్టారూ" అని నలుగురూ నాలుగు వైపుల నుంచి అన్నారు.

అన్నమాట ప్రకారం తెల్లారేసరికి తీసేశారు కూడా. ఆడవాళ్లం ఊడ్చాం, నీళ్లు కొట్టాం. గది అద్దంలా ఉందనుకున్నాం. పుట్టినప్పటి నుంచి ఆ ఘాటులో బతికిన ముక్కులు మావి. మాకేమీ తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు గారు గడపలోనే తుమ్మారు. పైనుంచి వచ్చిన మనిషి, దుమ్ము పడదేమో అనుకున్నాం. మాస్టారు వాడరేవు నుంచి కుండలో సముద్రపు నీళ్లు తెప్పించి పెట్టుకున్నారు. ఉప్పునీళ్లు కాచి, ఆవిరి పట్టి, మంచినీళ్లు చేసి చూపించాలని ఆయన సరదా. గాజుబుడ్డి, గొట్టం గుంటూరు నుంచి అరువు తెచ్చుకున్నారు. పొయ్యికి మా ఇంటి కుంపటి. సామాను అందించడానికి మా పిల్లా, పాలెం పిల్లా పక్కన నిలబడ్డారు. బుడ్డిలో నీళ్లు మసిలే వేళకి, నిప్పులు ఇంకాస్త రాజుకోవాలని విసనకర్రతో నాలుగు ఊపులు ఊపారో లేదో, రాళ్ల సందుల్లో ఇరుక్కుని ఆరిపోయిన గింజలూ పొడీ లేచి నిప్పుల్లో పడ్డాయి.

ఇక చెప్పేదేముంది. ఇన్‌స్పెక్టరు గారు, మాస్టారు, బావగారు, పెద్దమనుషులంతా దగ్గుతూ, ముక్కులు చీదుతూ బయటపడ్డారు. ఇన్‌స్పెక్టరు గారు జీపు పట్టుకుని నిలబడ్డారు, కళ్లవెంట ధారలు. ఆయన ఎక్కి వెళ్లిపోతే అంతే సంగతులు.

అప్పుడు చూసుకున్నాం, పిల్లలిద్దరూ లోపలే ఉన్నారు.

"బయటికి రండమ్మా!" అని మాస్టారు కేక వేశారు.

లోపల్నుంచి మా పిల్ల గొంతు: "ఇప్పుడే చుక్కలు పడుతున్నాయి మాస్టారూ! వదిలేసి ఎట్టా వస్తాం?"

కిటికీలోంచి చూశాను. ఇద్దరూ ఓణీ కొంగులు తడిపి ముక్కులకు కట్టుకున్నారు. కల్లంలో తొడిమలు తీసేటప్పుడు మేమంతా చేసే పనే అది. మా పిల్ల గొట్టం మీద తడిగుడ్డ వేస్తోంది. పాలెం పిల్ల గాజుగ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. గ్లాసులో గుక్కెడు నీళ్లు. పాలెం పిల్ల తిన్నగా ఇన్‌స్పెక్టరు గారి దగ్గరకెళ్లి చాపింది.

"ఏమిటిది?" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

"వాడరేవు నీళ్లండి. ఉప్పు బుడ్డిలోనే ఉండిపోయిందండి. ఆవిరొక్కటే ఇటొచ్చింది."

ఆయన గ్లాసు వంక చూశారు, పిల్ల వంక చూశారు, ఎత్తి తాగేశారు. "ఉప్పు లేదు," అన్నారు. తర్వాత, "గొంతుక్కూడా కాస్త హాయిగా ఉంది," అన్నారు.

బావగారు మొహం అటు తిప్పుకున్నారు. ఘాటుకి కళ్లు మండుతున్నాయన్నారు. అయ్యుండొచ్చు.

"గది బాగుంది," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "సామాను ఇప్పిస్తాను. కానీ ఇంకొక్కసారి ఇందులో మిరపకాయ కనబడిందంటే మొత్తం వెనక్కి పట్టుకుపోతాను. దీనికి పూచీ ఎవరు?"

"నేనుంటాను," అన్నారు బావగారు.

వెనకనుంచి ఎవరో, "ఆయనుంటే మబ్బేసిన రోజున మొదటి బస్తా ఆయనదే!" అన్నారు. నవ్వులు. "ఆ అమ్మగారికి అప్పజెప్పండి. ఆవిడ చేతిలోంచి ఉప్పురాయి కూడా జారదు." ఎవరన్నారో చూద్దామని తిరిగాను. మా పాలెం మనిషే.

ఆ ఏడు తొమ్మిదో తరగతి తెరిచారు. గాజు సామాను గడ్డిలో చుట్టుకుని పెట్టెల్లో వచ్చింది. పిల్లలు అనుకోవడం మానేసి చెయ్యడం మొదలెట్టారు.

మరుసటేడు కోతల్లో, బడివేళే, మళ్లీ అలాగే మబ్బు లేచింది. నేను కల్లం వదిలి బడి దగ్గరికి పరుగెత్తాను. నేను చేరేసరికే బుట్టలు నెత్తిన పెట్టుకుని జనం వచ్చేస్తున్నారు. గదిలో పాఠం జరుగుతోంది. గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"పక్కగా పోసుకుంటాం తల్లీ, పిల్లల జోలికి రాం," అన్నారు. "నీ కాయలు తడవట్లేదా? పిచ్చి పట్టిందా?" అన్నారు. బావగారు కూడా ఒక మూటతో వచ్చి, నన్ను చూసి, మెట్టు దగ్గరే ఆగిపోయారు.

చినుకులు మొదలయ్యాయి. పాలెం మనిషి ఆయాసపడుతూ వచ్చింది. "అమ్మగారూ, మీ కల్లం తడుస్తా ఉంది!"

"కనబడుతోంది. పద, చాపలు కప్పుదాం."

"మీరు కదిల్తే ఈళ్లు లోపలికి పోతారు. మీరీడే ఉండండి. నేను పోతా."

అని కొంగు నడుముకి చుట్టుకుని పరుగెత్తింది. నేను గడపలోనే ఉండిపోయాను. వాన వెలిసేదాకా వెనక మాస్టారి గొంతు వినబడుతూనే ఉంది. దేన్ని గురించో నాకర్థం కాలేదు. నేను చదివింది మూడో తరగతి.

ఆ మనిషి ఒక్కతే ఎంతని కప్పుతుంది? సగం కాయ తాలయింది. బస్తాలకెత్తే రోజున ఇద్దరం కల్లంలో కూర్చుని ఏరాం. ఎర్రవి ఒక కుప్ప, తెల్లబడినవి ఒక కుప్ప. ఎర్ర కుప్ప చాలా చిన్నది. మేరలు తీసేటప్పుడు బడికి దేంట్లోంచి తీస్తానా అని ఆవిడ ఓరగా చూస్తూనే ఉంది.

పాలెం పిల్ల నర్సయింది. మా పిల్లకి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని తర్వాత తెలిసింది, లెక్కల టీచరైంది. కానీ ఆ రోజుకి అవేమీ మాకు తెలియవు. నేను ఎర్ర కుప్పలోంచే బుట్ట నింపాను.

"అంచుదాకా పొయ్యండి అమ్మగారూ," అంది ఆవిడ. "కొసరు కూడా."